పదకొండో నియమం

మోంగు ఊరి చివర, మా బడి మైదానంలో గడ్డి లేదు.
ఇసుక. చీలమండ దాకా దిగబడే తెల్ల ఇసుక.
గోల్ అంటే రెండు నీలగిరి గుంజలు,
వాటి నెత్తిన దూలానికి బదులు ఒక తాడు.
గాలొస్తే తాడు ఊగుతుంది,
గోల్ కాసేపు పొట్టిదవుతుంది, కాసేపు పొడుగవుతుంది.

టోర్నమెంటుకు నియమాలు రాసింది నేనే.
లెక్కల టీచర్ని కదా, అంకెలు వేసి మరీ రాశాను,
అట్టపెట్టె చింపి, దాని లోపలి వైపున.
పొద్దున్నే ఆరు బడుల పిల్లల ముందు చదివాను:

"ఒకటి. పద్నాలుగేళ్ళు దాటినవాడు ఆడకూడదు.
మీసం గీక్కొచ్చినా సరే, దాటినవాడు దాటినవాడే."
నవ్వారు. లిములుంగ బడి వెనక వరసలో ఒకడు మాత్రం
పై పెదవిని నెమ్మదిగా చేత్తో మూసుకున్నాడు.

"నాలుగు. ఒక జట్టుకు బూట్లు లేకపోతే
రెండో జట్టూ విప్పేయాలి."
సెఫులా పిల్లలు గొణిగారు,
కొత్త బూట్లు, ఇంకా అంగడి వాసన పోలేదు.
అయినా విప్పారు. గీత పక్కన ఇరవై రెండు బూట్లు
నోళ్ళు తెరుచుకుని ఆట చూశాయి.

"పదకొండు. రిఫరీ చూడనిది జరిగితే
గోల్‌కీపర్నే అడగాలి. అతని మాటే మాట."
ఇది రాసినప్పుడు నాకెంత గర్వమో!
అసలు సంగతి, నా కుడికంట్లో పొర.
ఆ ముక్క అట్ట మీద రాయలేదు.

ఫైనల్. సెఫులా, నమూషకెండె. సున్నా, సున్నా.
ఎండ వరద మైదానం మీదికి ఒరుగుతోంది.
ఇంకో రెండు నిమిషాలుందనగా
సితాలి అనేవాడు ఉత్త కాలితో తన్నాడు.
బంతి వెళ్ళింది. తాడు ఎగిరింది.
బంతి తాడు కిందనుంచా, పైనుంచా?
తాడు ఎగిరింది బంతికా, గాలికా?
పొదల్లోకి దొర్లిపోయిన బంతి ఏమీ చెప్పలేదు.
సగం మంది గోల్ అన్నారు, సగం మంది తొండి అన్నారు.
ఒక తండ్రి సైకిలు పడేసి లోపలికొచ్చాడు.

నేను గుంజల మధ్యకు నడిచాను.
లికాండో. నమూషకెండె గోలీ. పన్నెండేళ్ళు.
మోచేతికి ఇసుక, మోకాలికి నెత్తురు.
"నువ్వు చెప్పు," అన్నాను.
వాడు తన జట్టుకేసి చూడలేదు.
తాడుకేసి చూశాడు, అదేమన్నా సాక్ష్యం చెబుతుందేమోనని.
చాలాసేపటికి,
"కిందనుంచే, టీచర్."

ఈల ఊదాను. సెఫులా పిల్లలు ఇసుక ఎగజల్లారు.
విద్యాధికారి లేచి నిజాయితీ గురించి పావుగంట మాట్లాడి
లికాండో పేరు రెండుసార్లు తప్పు పలికాడు.

సాయంత్రం నమూషకెండె లారీ కదిలింది.
ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చున్న ఆ లారీలో
వాడి పక్కన మాత్రం జానెడు చోటు మిగిలింది.

ఆ జానెడు చోటు నాతో ఇంటికొచ్చింది.
రాత్రి బుహోబె ముద్ద ముందు నా ఎదురుగా కూర్చుంది.
నిజం చెప్పడం వాడి గొప్పే, కాదనను.
కానీ చూడాల్సింది నేను.
నా కంటి పొర తీసి పసివాడి నెత్తిన పెట్టి
దానికి నియమమని పేరు పెట్టాను.
తొండి ఆడింది ఎవరు మరి?

శనివారం రేవుకెళ్ళి
ముకెలబాయి దగ్గర పాత వల బేరమాడాను.
"ఏ చేపలకమ్మా?" అన్నాడు.
"ఒకటే చేప. గుండ్రంగా ఉంటుంది."
వాడికి అర్థం కాలేదు, అయినా ధర తగ్గించాడు.

చిరుగులు కుట్టి గుంజలకు కట్టాను.
అట్ట మీద పదకొండు కొట్టేసి, పక్కన రాశాను:
చూడకపోతే చూడలేదని రిఫరీ ఒప్పుకోవాలి.
కంటి ఆసుపత్రికి చీటీ రాయించుకున్నాను.
లికాండోకు ఉత్తరం రాయాలి,
మొదటి వాక్యమే కుదరడం లేదు.

వల ఇంకా చేపల కంపు కొడుతోంది.
వచ్చే ఏడు గోలీలు ముక్కు మూసుకుంటారేమో.
మూసుకోనీ.